ఆరు నమూనా సంతకాలు

ఉత్తరం లాండ్రీకి వచ్చింది. ఇంటికి రావాల్సిన ఉత్తరం లాండ్రీకి ఎందుకొచ్చిందంటే, చిరునామా అడిగిన ప్రతి చోటా ఆ ఇంటి పెద్దకూతురు తాను పనిచేసే కొట్టు చిరునామానే రాస్తుంది కాబట్టి. ఇంటి దగ్గరైతే పోస్టుమాన్ తలుపు కొట్టి కొట్టి విసిగి వెళ్లిపోతాడు. ఇక్కడ కౌంటర్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు ఆమే.

విప్పి చదివింది. పక్కన పెట్టి, ఎదురుగా నిలబడ్డ ఆయన కోటు మీది మరకను వేలితో తడిమి, "ఇది కాఫీ కాదండీ, తుప్పు. పోతుందని మాటివ్వలేను" అని చెప్పి, రసీదు చించి ఇచ్చి, కాలరుకి నంబరు చీటీ కుట్టి, అప్పుడు రెండోసారి చదివింది. రెండోసారి కూడా అందులో అదే ఉంది.

చదువు సాయం కార్యాలయం వాళ్ల ఉత్తరం అది. పైచదువులకు ప్రభుత్వం ఇచ్చే సాయం రెండు రకాలు. తిరిగి ఇవ్వక్కర్లేనిది గ్రాంటు, వడ్డీతో సహా తిరిగి కట్టాల్సింది లోను. ఆమె చెల్లెలు వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి ఫిజియోథెరపీ మూడో ఏడు చదువుతోంది. ఆ చదువు నడిచేది గ్రాంటు మీదే. ఏటా రెన్యువల్ ఫారం పంపాలి. ఈ ఏడు పంపిన ఫారం మీద తండ్రి సంతకం ఉంది, సంతకం కింద తేదీ ఉంది. ఆ తేదీకి పందొమ్మిది రోజుల ముందే సదరు తండ్రి చనిపోయినట్టు మరణాల రిజిస్టరులో ఉంది. దీనికి మీ సంజాయిషీ ఏమిటో పదిరోజుల్లోగా స్వయంగా వచ్చి చెప్పుకోవాలి. సంజాయిషీ సబబుగా లేకపోతే ఇప్పటిదాకా ఇచ్చిన గ్రాంటు మొత్తాన్నీ లోనుగా మార్చి, విద్యార్థినికి మూడేళ్లపాటు ఏ సాయమూ అందకుండా నిలిపివేస్తాం. ఇట్లు, కింద గీకినట్టున్న ఓ సంతకం.

మామూలు మనిషికైతే గుండె గుభేలుమనాలి. ఆమెకు అలాంటిదేమీ కాలేదు. నాన్న పోయిన ఈ ఏడు వారాలుగా ఆమెకు ఏదీ కావడం లేదు. వేళకు తింటోంది, వేళకు పడుకుంటోంది, వేళకు కొట్టు తెరుస్తోంది. చూసినవాళ్లంతా గట్టిపిల్ల అన్నారు. గట్టితనమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు, ఆమె మొత్తంగా అలా ఉంది.

అసలు సంగతేమిటంటే, ఆ సంతకం ఆమె పెట్టిందే. దొంగతనంగా పెట్టలేదు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో నాన్న సంతకం ఆమే పెడుతోంది.

నాన్న లిఫ్టు మెకానిక్. ఆరేళ్ల కిందట ఒక ఆసుపత్రి లిఫ్టు బాగుచేస్తుండగా పైన కప్పీలో కుడిచెయ్యి ఇరుక్కుంది. రెండు వేళ్లు అక్కడే పోయాయి, మిగిలినవి ముడుచుకుపోయాయి. ఆ ముడుచుకున్న వేళ్లను నెలల తరబడి సాగదీయడానికి వచ్చిన ఆసుపత్రి అమ్మాయిని చూసే చిన్నది ఈ చదువు చదువుతానంది. కంపెనీవాళ్లు దయతలచి నాన్నను స్టోరులో కూర్చోబెట్టారు. నట్లూ బోల్టులూ డబ్బాల్లో సర్దించే పని. ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు, గడ్డం గీసుకోవడం నేర్చుకున్నాడు, సంతకం దగ్గర మాత్రం ససేమిరా అన్నాడు. "ఎడంచేత్తో పెడితే అది నా సంతకంలా ఉండదే. బ్యాంకువాడు నన్నే దొంగ అంటాడు" అని, పెద్దకూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పాత పేపర్ల అంచుల మీద దిద్దించాడు. మొదట సున్నా చుట్టినట్టు ఒక పెద్ద వంపు, మధ్యలో ఎవరూ చదవలేని నాలుగు గీతలు, చివర తోక, తోక కింద రెండు చుక్కలు.

నెలరోజులు పట్టింది. నాన్న కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటీ చూసేవాడు. "తోక పొడుగైంది. నేనంత గర్విష్టిని కాదు, తగ్గించు." "చుక్కలు అలా ముద్దుగా పెట్టకు, పొడువు. కాగితం అవతలికి తెలియాలి." చివరికి ఒకరోజు చూసి, ఏ వంకా దొరక్క, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆమెను గుమాస్తా అని పిలవడం మొదలుపెట్టాడు. "ఏమ్మా గుమాస్తా, కరెంటు ఆఫీసు నుంచి ఏదో వచ్చింది, దాని కథేంటో చూడు" అనేవాడు. ఆ పిలుపు ఆమెకు ఇష్టంగానే ఉండేది.

ఫారాలు నింపడంలో నాన్నకొక పద్ధతి ఉండేది. కిందటేడు నింపినదాని జిరాక్సు పక్కన పెట్టుకుని, గడి గడికీ అందులో ఉన్నదే ఇందులోకి ఎక్కించాలి. "కొత్తగా ఏం రాసినా వాళ్లకి కొత్త అనుమానం వస్తుంది. పాతదే రాస్తే ఒక్కడూ చదవడు" అనేవాడు. ఇన్నేళ్లూ ఒక్కడూ చదవలేదు కూడా. ఈసారీ అంతే, మధ్యాహ్నం కొట్లో రద్దీ తగ్గాక ఆమె కిందటేడు జిరాక్సు పక్కన పెట్టుకుంది. తండ్రి పేరు ఎక్కించింది. తండ్రి ఉద్యోగం, స్టోర్‌కీపరు. తండ్రి జీవించి ఉన్నారా, లేరా అన్నచోట జిరాక్సులో ఉన్నారు దగ్గర టిక్కు ఉంది, అక్కడే టిక్కు పెట్టింది. కింద సంతకం పెట్టింది. తేదీ ఒక్కటే కొత్తది. కవరు అంటించి, పోస్టులో వేసి వచ్చి, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది.

అప్పటికి నాన్న పోయి పందొమ్మిది రోజులు. స్టోరులో భోజనం చేసి కుర్చీలో వెనక్కి వాలి, వాలినవాడు వాలినట్టే పోయాడు. ఆ సంగతి ఆమెకు తెలియదా అంటే, తెలుసు. తెలిసే టిక్కు పెట్టిందా అంటే, లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఇప్పుడు ప్రభుత్వానికి చెప్పుకోవాలి.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మామయ్య వచ్చి ఉన్నాడు. అమ్మకు తమ్ముడు, బస్సు కండక్టరు. తనకు తెలియని విషయం ఇంకా పుట్టలేదని నమ్మే మనిషి, కానీ మంచివాడు. నాన్న పోయిన రోజు నుంచి ఆసుపత్రి కాగితాలు, రిజిస్టరు ఆఫీసు, చుట్టాలకు ఫోన్లు అన్నీ తనే నెత్తిన వేసుకున్నాడు. ఉత్తరం చదివి ముందు తలపట్టుకున్నాడు, ఆ తర్వాత గొంతు పెంచాడు.

"నీకేమైనా మతి పోయిందా? మీ నాన్న లేడని రాస్తే గ్రాంటు ఇంకా పెరిగేది, తెలుసా? సంపాదించే మనిషి పోయిన ఇంటికి ఎక్కువిస్తారు. ఎక్కువ కోసం అబద్ధమాడేవాళ్లని చూశాను గానీ, తక్కువ కోసం అబద్ధమాడిన కొంపని ఇప్పుడే చూస్తున్నా!"

"దాన్నేం అనకు" అంది అమ్మ. టీవీ వైపే చూస్తూ అంది. టీవీలో ఎవరో ఎవరికో కారు అమ్ముతున్నారు.

మామయ్య గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఆ గదిలో తిరగడానికి ఉన్నది నాలుగడుగులే కాబట్టి ఎక్కువగా మలుపులే తిరిగాడు. చివరికి మొహం వెలిగింది.

"ఇదిగో, ఇలా చెప్పు. బావ పోకముందే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఉంచాడు. నువ్వు తర్వాత నింపి, పంపిన రోజు తేదీ వేశావు. సంతకం ఆయనది, తేదీ నీది. టిక్కు పొరపాటు. అయిపోయింది! సంతకం అచ్చం ఆయనదేగా, ఎవడు కాదంటాడు?"

"అచ్చం ఆయనదే" అంది ఆమె.

"మరింకేం? చెయ్యి సంగతి మాత్రం ఎత్తకు. ఎత్తావంటే కిందటేడువి కూడా తవ్వుతారు. అన్నీ నువ్వే పెట్టావని తేలిందనుకో, చిన్నదాని చదువు గోవిందా."

సరేనంది. ఆ రోజుల్లో ఆమె దేనికైనా సరే అనేది.

ఆ మాటలు ఇంకా అవుతుండగానే చిన్నది ఫోన్ చేసింది. "అక్కా, ఫీజు పడలేదని ఆఫీసులో పిలిచారు. నెలాఖరులోపు పడకపోతే క్లినిక్ పోస్టింగుకి పంపరంట. ఏమైందే?"

"కాగితంలో చిన్న తేడా వచ్చింది. రేపు వెళ్లి సరిచేసుకొస్తా."

"నాన్న ఉంటే..." అని చిన్నది ఆగిపోయి, ఇక ఆపుకోలేక ఏడ్చింది. అక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆ ఏడుపు అయ్యేదాకా ఆగింది. తనకూ వస్తే బాగుండుననుకుంది. రాలేదు. వచ్చిందల్లా తన మీద తనకు కొంచెం అసహ్యం, అదీ ఎక్కువసేపు నిలవలేదు. "తిన్నావా?" అని అడిగి పెట్టేసింది.

మర్నాడు ఓనరుకి చెప్పి ఒక పూట సెలవు తీసుకుంది. కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు మూసుకుంటూ రెండుసార్లు టకటకమంది. కింది రోలరు అరిగితే అలా కొట్టుకుంటుందని ఆమెకు తెలుసు, ఎవరు చెబితే తెలిసిందో కూడా తెలుసు. ఏమీ అనిపించలేదు.

హాల్లో కుర్చీలన్నీ ఇనపకడ్డీతో కలిపి బిగించారు, జనం ఇళ్లకు పట్టుకుపోతారని కాబోలు. ఒకరు కాలు ఊపితే వరసంతా ఊగుతుంది. పక్క కుర్చీలో ఒక తండ్రి కూతురి ఫారం మీద ఫొటో అంటిస్తూ, "నవ్వే ఫొటో ఎవరిమ్మన్నారే నిన్ను? మనకి డబ్బుల్లేవని కదా రాస్తున్నాం" అని గొణుగుతున్నాడు. కూతురు "నా దగ్గర ఏడ్చే ఫొటో లేదు నాన్నా" అంది. వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె తన టోకెను నంబరు చూసుకుంది. ఇంకా పదకొండు మంది ఉన్నారు.

పరిశీలన అధికారి యాభై దాటిన ఆవిడ. రోజుకు నలభై అబద్ధాలు వినే ఉద్యోగం కాబట్టి మొహం మీద ఏ భావమూ ఖర్చు పెట్టదు. బల్ల మీద భూతద్దం, అది పోకుండా బల్లకాలికి కట్టిన దారం. ఆమె గుర్తింపు కార్డు తీసుకుని పక్కన పెట్టి, ఫైలు విప్పింది.

"కూర్చో. ఫారం నింపిందెవరు?"

"నేనేనండీ."

"సంతకం ఎవరిది?"

మామయ్య చెప్పింది నోటిదాకా వచ్చింది. బస్సులో పదిసార్లు అనుకుంటూ వచ్చింది కూడా. కానీ అది చెప్పాలంటే నాన్నను ఖాళీ ఫారం ముందు కూర్చోబెట్టాలి. ఏ రోజని అడిగితే ఒక రోజు చెప్పాలి. ఆ చేత్తో పెన్ను ఎలా పట్టుకున్నాడంటే అదీ కల్పించాలి. అబద్ధమాడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆమె దగ్గర అది లేదు.

"నేనే పెట్టానండీ."

అధికారి తలెత్తింది. "కిందటేడుది?"

"అదీ నేనే."

"మొదటి అప్లికేషను మీదది?"

"అన్నీ నేనేనండీ. ఆరేళ్ల నుంచి."

"ఏం మాట్లాడుతున్నావో తెలిసే మాట్లాడుతున్నావా అమ్మాయ్?"

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ ఫోల్డరు తీసి, అందులోంచి నాన్న చేతికి ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. చెయ్యి సంగతి చెప్పింది, పేపర్ల అంచుల మీద దిద్దడం చెప్పింది, జిరాక్సు పద్ధతి చెప్పింది. తడబడలేదు, బతిమాలలేదు, చుట్టుపక్కల వాళ్లింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. అధికారి మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది.

"లేరు దగ్గర టిక్కు పెడితే మీకు ఎక్కువొచ్చేదమ్మా."

"మా మామయ్య కూడా అదే అని తిట్టాడండీ."

అధికారి నవ్వబోయి, ఉద్యోగం గుర్తొచ్చి మానుకుంది. సర్టిఫికెట్ రెండువైపులా తిప్పి చూసింది.

"విను. పాత సంతకాలు ఆయనవీ, ఇదొక్కటే నీదీ అయితే, చనిపోయినవాళ్ల సంతకం నువ్వు ఫోర్జరీ చేసినట్టు. అది నా చేతుల్లో ఉండదు, పైకి పోతుంది. అన్నీ ఒక్క చేతివే, ఆయన ఇష్టంతోనే నువ్వు పెడుతున్నావని తేలిందనుకో, అది పద్ధతి తప్పు. మందలిస్తాం, హామీపత్రం రాయించుకుంటాం, మీ అమ్మ సంతకంతో కొత్త ఫారం తీసుకుంటాం. గ్రాంటు గ్రాంటుగానే ఉంటుంది. కానీ నువ్వు చెప్పావని నేను రాయలేను. నాకు కనబడాలి."

సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అందులో ఆరు గళ్లున్నాయి. పైన నమూనా సంతకాలు అని అచ్చు వేసి ఉంది.

"పెట్టు. నేను చూస్తుండగా."

ఆమె పెన్ను అందుకుంది. చెల్లెలి చదువు ఆ ఆరు గళ్లలో ఉందని తెలుసు. వంపు, నాలుగు గీతలు, తోక, రెండు చుక్కలు. రెండో గడి. మూడో గడిలో తోక కాస్త సాగింది, నాలుగో దాంట్లో తనే తగ్గించింది. ఐదు, ఆరు. పెన్ను మూత పెట్టి కాగితం తిప్పి ఇచ్చింది.

అధికారి భూతద్దం పెట్టి పాత ఫారాలతో ఒక్కొక్కటీ పోల్చింది. చాలాసేపు పోల్చింది. మొదట ఏమీ తేలలేదు, ఎందుకంటే నేర్చుకున్న సంతకం నేర్చుకున్నట్టే ఉంటుంది, అసలుదీ అలాగే ఉంటుంది. విసుగొచ్చి కాగితాలు దొంతి పెడుతూ ఉంటే ఒకదాని వెనకవైపు వేలికి ఏదో తగిలింది. ఆగింది. మళ్లీ తడిమింది. నమూనా కాగితం వెనక తడిమింది. రెండేళ్ల కిందటి మొదటి అప్లికేషను తీసి దాని వెనకా తడిమింది.

"చుక్కలు పొడిచావు" అంది. "అన్నింట్లోనూ అవతలికి దిగాయి."

పక్క బల్ల గుమాస్తాను పిలిచి అతని చేతా తడిమించింది. "ఒక్క చెయ్యే మేడం, సందేహం లేదు" అన్నాడతను. అధికారి ఫైలు మీద నాలుగు వరసలు రాసి, ముద్ర కొట్టి, గడియారం చూసింది.

"మీ చెల్లికి చెప్పు, నెలాఖరులోపే పడుతుంది. హామీపత్రం అయిపోతే నిలుపుదల ఈ సాయంత్రమే ఎత్తేస్తా, మీ అమ్మ సంతకంతో కొత్త ఫారం రేపు తెచ్చివ్వు. ఇక చదివి సంతకం పెట్టు."

చిన్నదాని చదువు నిలబడింది. సంతోషించాల్సిన చోటని ఆమెకు తెలిసింది, తెలిసి ఊరుకుంది. హామీపత్రం ముందుకు లాక్కుంది. ఎప్పుడో టైపు చేయించి పెట్టుకున్న మూసపత్రం అది, ఖాళీల్లో పేర్లు నింపుకోవడమే. ఇకమీదట నేను నా తండ్రి సంతకాన్ని ఏ పత్రం మీదా, ఏ కారణం చేతనూ, ఎన్నటికీ పెట్టనని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను. చదివింది. పెన్ను మూత తీసింది. కింద గీత మీద సున్నా చుట్టినట్టు ఒక పెద్ద వంపు తిరిగింది.

"అది కాదమ్మా" అంది అధికారి. "నీది."

ఆ కాగితం చించేసి ఇంకొకటి ఇచ్చింది. ఆమె మళ్లీ పెన్ను ఆనించింది. మళ్లీ వంపే మొదలైంది. ఈసారి సగంలో తనే ఆపింది. అధికారి మూడో కాగితం ముందు పెట్టింది.

ఆమె ఆ గీత వైపు చూస్తూ కూర్చుంది. ఆరు గళ్లు నింపేటప్పుడు తెలియలేదు, ఆ ఆరూ ఆఖరివని. ఇక కరెంటు ఆఫీసు కాగితం వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా, చిన్నది పట్టా పుచ్చుకునే రోజు ఏ కాగితం వచ్చినా, ఆ వంపు తిరగదు. చెయ్యి ఊరికే ఉంటుంది. ఎన్నటికీ అన్న మాట ఆ అచ్చుకాగితం మీద చాలా మామూలుగా ఉంది. దాన్ని రెండోసారి చదివింది. ఈసారి అందులో వేరే ఏదో ఉంది.

"మేడం" అంది. "మా నాన్న చనిపోయారండీ."

ఏడు వారాల్లో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అందరికీ మామయ్యే చెప్పాడు.

"తెలుసమ్మా" అంది అధికారి మెల్లగా. "ఫైల్లో ఉంది."

అప్పుడొచ్చింది ఏడుపు. ఎక్కెక్కి, ముక్కు కారుతూ, పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూసేలా, హాల్లో కుర్చీల వరస ఊగడం ఆగిపోయేలా వచ్చింది. "చనిపోయారండీ" అని మళ్లీ మళ్లీ అంది, ఎదుటి మనిషి నమ్మడం లేదన్నట్టు. అధికారి హామీపత్రం తడవకుండా పక్కకు జరిపింది. మంచినీళ్ల సీసా ఇటు తోసింది. తర్వాతి టోకెనువాణ్ణి కాసేపు ఆగమని చెయ్యి చూపించింది.

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుని, కాగితం దగ్గరకు లాక్కుని, చిన్నపిల్లలా అక్షరం పక్కన అక్షరం పేర్చి తన పేరు రాసింది. గుర్తింపు కార్డు మీద సంతకం ఇలా లేదే అని అధికారి అడగలేదు.